ట్రేసింగ్ సెక్షన్‌కు పదేళ్ల ప్రణాళిక

ఆ పాఠం నాకు అప్పగించడానికి ఒకే కారణం, నేను లెక్కల మనిషిని. టెక్నాలజీ ప్లానింగ్ అనే పేపరును తయారుచేసిన సీనియర్ లెక్చరర్‌కు ఆ వేసవిలో బదిలీ అయింది. ఆయన వెళుతూ ఒక పేజీ సిలబస్, ఒక బీరువా తాళంచెవి ఇచ్చి వెళ్లారు. బీరువా ఖాళీగా ఉంది. లెక్కలు వచ్చినవాళ్లకు భవిష్యత్తు కూడా వస్తుందని మా విభాగాధిపతి అనుకున్నారు.

"రాబోయే పదేళ్లలో ఏ యంత్రాలొస్తాయో, వాటికి ఇప్పటినుంచే ఎలా సిద్ధపడాలో చెప్పాలమ్మా. అంతే," అన్నారాయన.

మా ఇంట్లో గ్యాసు పొయ్యికి పేరు రాయించి అప్పటికి రెండేళ్లయింది. అదెప్పుడొస్తుందో నాకు తెలియదు. అయినా సరేనన్నాను.

ఇది డెబ్బైల మాట. మా సంస్థ నల్లగండ్ల దగ్గర బండరాళ్ల మధ్య నాలుగు రేకుల షెడ్లలో ఉండేది. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. బొంబాయి రోడ్డు మీద బస్సెక్కి లింగంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి నడిచి వెళ్లేదాన్ని. క్లాసులో పదకొండు మంది పీజీ విద్యార్థులు. పదిమంది అప్పుడే ఇంజనీరింగ్ ముగించి వచ్చిన కుర్రవాళ్లు. పదకొండో ఆయనకు నలభై దగ్గరపడుతున్నాయి. నాకన్నా పదేళ్లు పెద్ద.

ఆయనది తెల్లాపూర్. ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక సర్కారు ఫ్యాక్టరీలో ట్రేసర్‌గా చేరి, సాయంకాలం కాలేజీలో డిగ్రీ సంపాదించి, ట్రేసింగ్ సెక్షన్‌కు హెడ్ అయ్యాడు. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన డ్రాయింగు మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, ప్రతి గీతనూ నల్లసిరాతో మళ్లీ గీయడం ఆ సెక్షన్ పని. సిరా గీతయితేనే ప్రింటు స్పష్టంగా వచ్చేది. ఏళ్ల తరబడి ఆ పని చేసి కళ్లు దెబ్బతినడంతో ఆయన ముందు బెంచీలో కూర్చునేవాడు. ఫ్యాక్టరీయే రోజుకో పూట వదిలి ఆయన్ను చదువుకు పంపింది. చదువుకున్నదానికి రుజువుగా ఏదైనా రిపోర్టు ఇవ్వాలని షరతు పెట్టింది.

ఆ ఏడాది నేనిచ్చిన ప్రాజెక్టు ఇది: ఎవరికి నచ్చిన సంస్థను వాళ్లు తీసుకుని, పదేళ్లలో అక్కడికి ఏ కొత్త యంత్రాలు రావాలో, ఏ వరసలో రావాలో ప్రణాళిక రాయాలి. ఒక కుర్రవాడు హైదరాబాదు బస్సులన్నిటినీ కంప్యూటరుతో నడిపించాడు. ఇంకొకడు ప్రతి ఇంటికీ టెలిఫోను పెట్టించాడు. ఈయన ఒక్కడే తన సెక్షన్‌ను తీసుకున్నాడు. రెండు వారాల తర్వాత క్లాసయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, పెన్సిల్ గీతల్నుంచే నల్లగ ప్రింటు తీసే మిషను వచ్చిందట బయటి దేశంల. అది వస్తె మా సెక్షనే అక్కర్లేదని తేలుతుంది. గిట్ల రాయొచ్చునా?"

"లెక్క అలా తేలితే అలాగే రాయండి."

"ఎనిమిది మంది ఉన్నరు మేడం."

"వాళ్లనేం చెయ్యాలో కూడా రాయండి. ప్రణాళిక అంటే అదే కదండీ."

ఈ మాట నేను హాజరుపట్టీ మూసి సంచిలో పెట్టుకుంటూ అన్నాను. బస్సుకు వేళవుతోంది.

ఆయన ఇరవై రెండు పేజీలు రాశాడు. అక్షరాలన్నీ డ్రాయింగు మీద అక్షరాల్లా నిటారుగా ఉన్నాయి. మొదటి సగంలో కొత్త యంత్రం, దానివల్ల లాభాలు, నాలుగో ఏట సెక్షన్ మూసివేత. రెండో సగంలో మూసేలోపు మూడేళ్లలో ఎనిమిది మందికీ డ్రాఫ్టింగ్, అంటే సొంతంగా డ్రాయింగు గీయడం, ఎలా నేర్పాలో, ఎవరిని ఏ పనికి మార్చాలో, పేరుపేరునా ఉంది. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆయనకే వేశాను. అట్ట మీద ఎర్రసిరాతో "అమలు చేయదగినది" అని రాసి సంతకం పెట్టాను. దాన్నే ఆయన ఫ్యాక్టరీకి రిపోర్టుగా ఇచ్చాడు.

నెలన్నర తర్వాత ఒకరోజు క్లాసు అయిపోయాక కుర్రవాళ్లంతా వెళ్లిపోయినా ఆయన బెంచీలోంచి లేవలేదు.

"మేడం, మన ప్లాను అమలైంది," అన్నాడు.

"అప్పుడేనా? యంత్రం వచ్చేసిందా?"

"లేదు మేడం. సెక్షన్ పోయింది."

యంత్రం తెప్పించాలంటే ఢిల్లీ నుంచి దిగుమతి లైసెన్సు కావాలి. సెక్షన్ మూయాలంటే ఒక సర్క్యులర్ చాలు. ముందు చేతనైనది చేశారు. ఎనిమిది మందినీ స్టోర్సుకు పంపారు, అక్కడ బోల్టులు లెక్కపెడుతున్నారు. ఈయన మాత్రం పాతగదిలోనే మిగిలాడు. సెక్షన్ హెడ్‌ను ఏం చెయ్యాలో ప్రణాళికలో లేదు.

"నా గురించి రాసుడు యాదికి రాలే," అన్నాడు.

ఇంజనీర్లు మాత్రం డ్రాయింగులు పంపుతూనే ఉన్నారు. తొమ్మిది బల్లలున్న గదిలో ఈయన ఒక్కడే కూర్చుని, చూపు ఆనని కళ్లతో మళ్లీ సిరాగీతలు గీస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ వారంలోనే సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వెళ్లాను. చీఫ్ ఇంజనీరుగారిది గుంటూరు వైపు. నా మాట యాస వినగానే టీ తెప్పించారు. ఆయన బల్లమీద మా ఇరవై రెండు పేజీలూ ఉన్నాయి, పదకొండో పేజీ దగ్గర ఒక పిన్నుతో.

"ప్రణాళిక చాలా బాగుందండి. సగం అమలు చేసేశాం," అన్నారు.

"ఏ సగమండీ?"

"వీలైన సగమండి."

"యంత్రం వచ్చేదాకా ఆ సెక్షన్‌ను మళ్లీ తెరవచ్చు కదండీ?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "తెరవాలంటే మూయడం పొరపాటని ఎవరో ఒకరు రాసివ్వాలండి. పొరపాటని ఇక్కడ ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఎలా రాయాలో కూడా తెలీదు," అన్నారు. వెటకారం కాదు. మర్యాదగా, ఉన్నమాట చెప్పారు.

బయటికొచ్చి స్టోర్సు అడిగి తెలుసుకుని వెళ్లాను. ట్రేసర్లలో అందరికన్నా పాతావిడ ఒక స్టూలు మీద కూర్చుని, తొట్టిలోంచి బోల్టులు తీసి ఇంకో తొట్టిలో వేస్తోంది. నేనెవరో చెప్పాను.

"మీరేనా మేడం గాయినకు ప్లాను నేర్పింది?"

"అవునండీ."

"మంచిగ నేర్పిన్రు." గొంతులో కోపమేమీ లేదు. "పదమూడేండ్లు గీత గీసిన చెయ్యి ఇది. చూడుండ్రి, జర్ర కూడ వణకదు. ఇగ బోల్టులు లెక్కవెడుతున్న. ఫికర్ చేయకుండ్రి, జీతం అదే ఇస్తున్నరు."

"లెక్క కష్టంగా ఉంటుందా?" అని అడిగాను.

"ఏం కష్టం మేడం. నిన్న ఎన్నున్నయో ఇయ్యాల గన్నే ఉంటున్నయ్."

మర్నాడు మా షెడ్డులో నేనూ, మా సెక్షన్ హెడ్ విద్యార్థీ ఎదురెదురుగా కూర్చున్నాం. చదువు చెప్పడం మొదలుపెట్టాక మొదటిసారి ఒక ప్రణాళికను నేను నిజంగా ఆలోచించాను. మూసిన సెక్షన్‌ను తెరవడం గురించి ఒక్క ముక్క ఉండకూడదు. రాబోయే యంత్రానికి ముందుగా కావలసిన ఏర్పాటు ఏమిటన్నది మాత్రమే రాయాలి. ఏ యంత్రమైనా మాసిపోయిన గీతను ప్రింటు తీయలేదు. కాబట్టి పాత డ్రాయింగులన్నిటినీ ముందే బాగుచేసి పెట్టుకోవాలి. దానికో "సన్నాహక విభాగం" కావాలి. సిరాగీతలో అనుభవమున్నవాళ్లు ఎనిమిది మంది, తొమ్మిది బల్లలున్న ఒక గది. కొత్త డ్రాయింగుల గీతలూ ఆ విభాగమే చూసుకుంటుంది. తీరికవేళల్లో డ్రాఫ్టింగ్ శిక్షణ.

అంతా విని ఆయన అన్నాడు: "ఇది మా సెక్షనే కద మేడం."

"పేరు వేరండీ."

"అబద్ధమైతదేమో."

"పాత డ్రాయింగులు మాసిపోయాయా, లేదా?"

"సగానికి సగం మాసినయ్."

"అయితే అబద్ధం కాదు."

ఆయన కలం మూత తీశాడు. ఈసారి మూడు పేజీలే రాయించాను. మనుషుల సంగతి మొదటి పేజీలో, శిక్షణ రెండో పేజీలో, యంత్రం మూడో పేజీలో. చదివేవాళ్లు సగంలో ఆపినా నష్టం లేకుండా. విభాగానికి హెడ్‌గా ఎవరుండాలో కూడా మొదటి పేజీలోనే పెట్టించాను. ఆయన సిగ్గుపడ్డాడు గాని రాశాడు.

మూడు వారాల్లో సర్క్యులర్ వచ్చింది. ఎనిమిది మందీ స్టోర్సు నుంచి గదికి తిరిగి వచ్చారు. కొత్త విభాగాన్ని ముందుచూపుతో ఏర్పరిచినందుకు చీఫ్ ఇంజనీరుగారిని పైవాళ్లు మెచ్చుకున్నారట. ఆయన ఆ సంగతి నాకు ఉత్తరం రాసి మరీ చెప్పారు.

మా విద్యార్థి ఆ ఏడు పరీక్షలో మామూలు మార్కులతో గట్టెక్కాడు. మూడు గంటల్లో ఆ నిటారు అక్షరాలతో నాలుగు ప్రశ్నలకు మించి రాయలేకపోయాడు. యంత్రం రావడానికి ఇంకా రెండేళ్లకు పైనే పట్టింది. ఈలోగా ముగ్గురు ట్రేసర్లు డ్రాఫ్ట్స్‌మన్ పరీక్ష పాసయ్యారు. స్టోర్సులో నేను చూసిన పాతావిడ మిషను ఆపరేటరయింది. ఒకసారి వెళ్తే ప్రింటు తీసి చూపించింది. గది నిండా ఆ మిషనులో వాడే అమోనియా ఘాటు. గీతలన్నీ నల్లగా వచ్చాయి గానీ ఒక మూల సున్నా కోడిగుడ్డులా సాగింది. ఆవిడ దాన్ని వేలితో చూపించి, మడతపెట్టి పక్కన పెట్టింది.

మిషను వచ్చాక చేరిన బ్యాచికి ఒకరోజు పాఠం చెప్పమని ఆ సెక్షన్ హెడ్‌ను పిలిచాను. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, తెల్లాపూర్ నుంచి సైకిలు మీద వచ్చాడు. ముందు వరసలో ఒక కుర్రవాడు లేచి, కొత్త టెక్నాలజీ తేవడంలో మీకెదురైన ముఖ్యమైన సమస్య ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన బాగా ఆలోచించి, ట్రేసింగ్ గుడ్డ వానాకాలంలో చెమ్మ పీల్చి ముడుచుకుపోవడం అన్నాడు. దాన్నెలా సాపుచేయాలో, సిరా పాకకుండా ఏ పొడి రుద్దాలో, కలం ములుకు రోజుకెన్నిసార్లు తుడవాలో గంటసేపు చెప్పాడు. కుర్రవాళ్లు అంతా రాసుకున్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. ఆపలేదు.