పదేళ్ల కట్టలో మా బస్టాపు

మా ఆఫీసులో ఫైలు ముగిసిన రోజే దాని ఆయుష్షు రాసేస్తారు. కొన్నిటికి ఏడాది, కొన్నిటికి పదేళ్లు. కొన్ని మాత్రం శాశ్వతం. చిత్తూరులో ఆ రికార్డు గదికి నన్ను వేసినప్పుడు, మాట్లాడే పని తక్కువని సంతోషించాను. కొన్నాళ్లకు ఆ నిశ్శబ్దమే బరువైంది. సాయంత్రం బస్సులో కండక్టరుకు ఊరి పేరు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

పోయిన వేసవిలో, చింపేయాల్సిన ఫైళ్ల జాబితా రాస్తుంటే పదేళ్ల గడువు తీరిన కట్టలో ఒక అర్జీ కనిపించింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు పెట్టుకున్నది. పూతలపట్టు దాటాక తమ ఊరి మలుపులో బస్సు ఆపడం లేదని, చీకట్లో నడవాల్సి వస్తోందని రాశారు. కింద సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ. నేను రోజూ బస్సెక్కేది ఆ మలుపులోనే. అది ఒకరు అడిగి తెచ్చుకున్న స్టాపని నాకు అప్పటిదాకా తెలియదు.

దాన్ని పక్కన పెట్టడం అటెండరన్న చూశాడు.

"ఏం పాపా, కాగితాలతోనే కాపురం చేస్తావా? గడువు దాటినాక అది చెత్తే. కొత్త కట్టలకు జాగా యాడుండాది?"

ఆయన మాటా నిజమే. అరలు నిండి కట్టలు నేల మీదికి దిగాయి, కింది నుంచి చెదలు ఎక్కుతున్నాయి. అన్నీ ఉంచుకుంటే ఏదీ మిగలదు. కానీ మా ఆఫీసరు మేడం జాబితా మీద సంతకం చేసేలోపు అడిగితే, ఒక ఫైలును శాశ్వతంలోకి మార్చవచ్చు. అడగాలి, అంతే. ఏం చెప్పాలో డైరీలో రాసుకున్నాను. ఆమె ముందు నిలబడితే అందులో ఒక్క ముక్కా రాలేదు.

"ఇది... ఉంచుదాం మేడం."

ఆమె తిరగేసి చూసింది. "బస్సు ఆపుతానే ఉండారు కదమ్మా. ఇంకెవురడగతారు దీన్ని?"

"నేనడుగుతా మేడం."

గుమ్మంలో అన్న పకపకా నవ్వాడు. మేడం నవ్వలేదు. జాబితాలో ఆ వరుస కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. మిగతా కట్టంతా ఆ వారమే ముక్కలై గోతాల్లో వెళ్లిపోయింది.

మా దగ్గర ఫైలు తీస్తే, దాని చోట తీసినవాళ్ల పేరు రాసిన అట్ట పెట్టాలి. అర్జీ ఇప్పుడు పై అరలో ఉంది. దాని అట్ట మీద వరుసగా ఉన్నది నా పేరే. అన్న భోజనానికి వెళ్లాక తీసి, ఆ వేలిముద్రలు చూసి, మళ్లీ పెట్టేస్తాను.

ఫ్యాక్టరీ ఆడవాళ్లకు ఇప్పుడు వ్యాను వస్తోంది. సాయంత్రం మలుపులో బస్సు ఆగితే నేనొక్కదాన్నే దిగుతాను.