ఇంకొంచెం గారి నారింజ రంగు

ఆ వయసులో నాకు కోపం వచ్చినంత త్వరగా బందరులో బస్సు కూడా వచ్చేది కాదు. ఉద్యోగం కొత్త. రంగుల సంగతి భూమ్మీద నాకు తప్ప ఇంకెవరికీ తెలియదన్న నమ్మకం మాత్రం బాగా పాతది. బొమ్మలు వేయడం నేర్చుకుని బయటికి రాగానే గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. పొద్దున్నే బందరులో రైలెక్కడం, సాయంత్రం దిగడం. "ఆ కోపం ఇంట్లో పెట్టి వెళ్లమ్మా" అని నాన్న రోజూ గుమ్మంలో నిలబడి చెప్పేవారు. (క్యారేజీ మర్చిపోయి వెళ్లిన రోజులున్నాయి గానీ, కోపం మర్చిపోయి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు.)

ఆ స్కూలు యజమానిని ఎదురుగా కరస్పాండెంటు గారనీ, చాటుగా ఇంకొంచెం గారనీ పిలిచేవాళ్లం. గంట కొట్టినా, ముగ్గేసినా, చివరికి ప్యూను టీ తెచ్చినా ఆయన నోట "ఇంకొంచెం" అన్న మాట రాకుండా ఉండేది కాదు. ఆయనది దివిసీమ. ఆ ఏడాది వార్షికోత్సవానికి ఆయన చిన్ననాటి స్నేహితుడు ముఖ్య అతిథి. హైదరాబాదులో పేరున్న డాక్టరు. ఆయనకి శాలువాతో పాటు ఒక బొమ్మ ఇవ్వాలని సంకల్పం కలిగింది ఇంకొంచెం గారికి. నన్ను పిలిపించారు.

"హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు ఉంది చూశావూ, అక్కడ సూర్యోదయం వెయ్యాలమ్మా. వాటర్ కలర్సులో. చిన్నప్పుడు వాడూ నేనూ కలిసి చూశాం. ఆకాశమంతా నారింజ రంగు. ఆ నారింజే రావాలి."

"ఏ నారింజండీ?"

"నారింజలో ఏ నారింజ ఏమిటమ్మా? నారింజే!"

(బొమ్మలు వేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా మీద జాలిపడగలరు.) పసుపులో ఎరుపు ఒక్కో చుక్క కలుపుతూ పోతే ప్రతి చుక్కకీ ఒక కొత్త నారింజ పుడుతుంది. నీళ్లు ఎక్కువైతే తొనల రసంలా పలచబడుతుంది. కుంచెకి ఎక్కడో అంటుకున్న నీలం పిసరంత కలిసిందా, ఇటుక రంగే. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా పూసి తీసుకెళ్లి చూపించాను. ఆయన వేలు ఒక్కొక్క దాని మీదా ఆగింది. "ఇది కనకాంబరం. మా ఆవిడ జడలోకి బాగుంటుంది గానీ ఆకాశంలోకి పనికిరాదు. ఇది జాంగ్రీ. ఇదేమో ఆంజనేయస్వామి సింధూరం. ఇంకొంచెం చూడమ్మా." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది చాలనట్టు, స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చునే సోషల్ మాస్టారు మెల్లగా ఇటు వంగి, "జాగ్రత్తమ్మా, పసుపు ఎక్కువైతే ఒక పార్టీ అంటారు, ఎరుపు ఎక్కువైతే ఇంకో పార్టీ అంటారు, సరిగ్గా మధ్యలో ఆపావా మూడో పార్టీ అంటారు" అని హితబోధ చేశారు.

ఎలాగో ఇంకొంచెం గారు ఒక రంగుకి ఒప్పుకున్నారు. మర్నాడు పెద్ద కాగితం బిగించి, తడిపి, ఆకాశమంతా అదే రంగు పూశాను. ఆయన వచ్చి చూసి, "ఇదీ! ఇదే!" అన్నారు. నా కళ్ల ముందు ఆయన ఒక్కసారిగా దేవుడైపోయారు. మధ్యాహ్నం భోజనం చేసి మళ్లీ వచ్చిన దేవుడి మొహం మారిపోయింది.

"ఎందుకు మార్చావమ్మా?"

"నేను ముట్టుకోలేదండీ. ఆరింది. ఈ రంగులు ఆరితే కొంచెం వెలిసినట్టవుతాయి."

"మా ఇంటి గోడలకి వేయించాను, ఆరినా అలాగే ఉన్నాయే!"

గోడల రంగు వేరు, ఇది వేరు అని చెప్పబోతే వినకుండా వెళ్లిపోయారు. పళ్లు కొరుక్కుంటూ ఇంకో ఆకాశం వేశాను. ఈసారి ఆరాక సరిపోయేలా కాస్త ముదురుగా పూశాను. తడిగా ఉండగానే వచ్చి, "మరీ ముదిరిపోయింది" అన్నారు. ఆరనివ్వండి సార్ అంటే, "ఆరేదాకా ఆగడానికి ఇదేమైనా వడియమా?" అన్నారు. ఆ మాటకి సాయంత్రం రైల్లో నేను ఎంత రగిలిపోయానంటే, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ "ఏమ్మా, పెళ్లి సంబంధం తప్పిపోయిందా?" అని ఓదార్చబోయింది.

వార్షికోత్సవం ఇక రేపనగా మూడో ఆకాశం, కింద సముద్రం, పడవతో సహా. అది ఆరాక వచ్చి, స్టాఫ్ రూములో అందరి ముందూ నిలబడి, "రంగు కలపడమే రానివాళ్లు పిల్లలకేం నేర్పుతారమ్మా!" అన్నారు. అంతే. ఆ తర్వాత నా చేతులు నా మాట వినలేదు. కుంచెలు కడుక్కునే మగ్గు ఎత్తి, ఉన్న నీళ్లన్నీ బొమ్మ మీద గుమ్మరించాను.

"తడిగా ఉంటేనే కదండీ మీకు నచ్చేది! ఇదిగోండి తడి!"

ఆకాశం జారి సముద్రంలోకి దిగింది. సూర్యుడు కరిగి పడవ మీదికి ఒలికాడు. సోషల్ మాస్టారి చేతిలో జంతిక నోటి దగ్గరే ఆగిపోయింది. నేను బ్యాగు భుజాన వేసుకుని, నాన్నకి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ గుమ్మం వైపు నడిచాను.

"ఆగమ్మా" అన్నారు ఇంకొంచెం గారు. గొంతు ఆయనదిలా లేదు. కళ్లజోడు తీసి బొమ్మ మీదికి వంగి ఉన్నారు. "ఇదే. ఆ రోజు ఇలాగే ఉంది. నీళ్లేవో ఆకాశమేదో తెలియలేదు. పదో క్లాసు తప్పామమ్మా వాడూ నేనూ. ఇంట్లో మొహం చూపించలేక పారిపోయి, తెల్లారేసరికి ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నాం. కళ్ల నిండా నీళ్లు. వాటిలోంచి చూసిన ఆకాశం ఇది."

కథల్లో అయితే ఇక్కడ నా కోపం మంచులా కరిగిపోవాలి. నాకు రెట్టింపైంది. "ఏడుస్తూ చూశామని మొదటి రోజే చెప్పొచ్చు కదండీ! ఒక్క పూటలో వేసిచ్చేదాన్ని!" అని అరిచాను.

"పది తప్పానని, స్కూలు పెట్టినవాడు ఎలా చెప్తాడమ్మా?" అన్నారాయన, చిన్నపిల్లాడిలా.

మర్నాడు వేదిక మీద ఆ కరిగిపోయిన బొమ్మ చేతికి రాగానే డాక్టరు గారు ఉపన్యాసం మర్చిపోయారు. మైకు ముందున్న సంగతీ మర్చిపోయి, "ఒరేయ్, నీకింకా గుర్తుందా?" అన్నారు. పిల్లలంతా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో చేతులు కట్టుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో, ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు బందరులోనే శుభలేఖలకీ పుస్తకాల అట్టలకీ కంప్యూటర్ మీద బొమ్మలు వేస్తున్నాను. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "మేడం, ఆ ఆరెంజ్ ఏదోలా ఉందండీ, కాస్త మార్చండి" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. తీరిగ్గా టీ తాగి, ఏమీ మార్చకుండా అదే బొమ్మ మళ్లీ పంపించాను. "ఇప్పుడు సూపర్ ఉందండీ!" అని జవాబొచ్చింది. కోపం తెచ్చుకుందామని కాసేపు నిజంగానే ప్రయత్నించాను. రాలేదు, నవ్వొచ్చింది. ఒక ఆకాశం కోసం ఉద్యోగం వదిలేసుకోబోయిన ఆ పిల్ల ఈ నవ్వు చూసి ఉంటే నన్ను ఎంత తిట్టేదో!