నీళ్లు ఎక్కని గట్టు

1979 జూన్‌లో నన్ను వయోమింగ్‌లో ఒక హైవే పనికి సర్వే బృందం నాయకుడిగా వేశారు. నది వెంట సాగే రెండు లేన్ల రోడ్డును వెడల్పు చేయాలి. మా చిన్న కన్సల్టింగ్ కంపెనీ తరఫున అక్కడి పనికంతా పైఅధికారి వాల్ట్ అనే రెసిడెంట్ ఇంజినీరు. దేవదానం అన్న నా పేరు ఆయన నోట డేవ్ అయింది.

రోడ్డు కట్టకు మట్టి కావాలి. ఆ మట్టి తవ్వే చోటును ముందుగా నడిచి చూసి, ఉన్నదున్నట్టు ఫీల్డ్ బుక్‌లో రాయడం నా పని. అక్కడి చిన్న కొండలాంటి గట్టు వాలున ఒక పొడవాటి పల్లం కనిపించింది. గుంటూరు జిల్లాలో వాన కోతలు చూసి పెరిగిన కళ్లు నావి. "వాన నీటి కోత, తవ్వకానికి అభ్యంతరం లేదు" అని రాసి సంతకం చేశాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, ఆ ఊరి చిన్న లూథరన్ చర్చిలో ఆరాధన ముగిశాక, పక్కనున్న పశువుల రాంచ్ యజమానురాలు మిసెస్ ఓల్సన్ మెట్ల దగ్గర నన్ను ఆపారు. రేపు పొద్దున బుల్‌డోజర్ దిగేది వాన కోత మీద కాదనీ, నూట ముప్పై ఏళ్ల కిందట పడమటికి వలస వెళ్లినవాళ్ల ఎద్దుబళ్ల దారి మీదనీ అన్నారు.

నేను ఒప్పుకోలేదు. బండి దారైతే గట్టును చుట్టి పోవాలి, ఇది నేరుగా దిగుతోంది, అలా దిగేది నీరే అన్నాను.

"దిగడం సరే డేవ్. గట్టు నెత్తిన కూడా ఉంది, అవతల కూడా ఉంది. మీ ఇండియాలో నీళ్లు కొండెక్కుతాయా?"

నేను ఆ పల్లాన్ని కింది నుంచి చూశానే గాని చివరిదాకా నడవలేదు.

ఆదివారం నేను పరికరం ముట్టను. ఆ మాటే చెప్పాను. గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయవచ్చని ప్రభువు చెప్పలేదా, ఇక్కడ గుంటలో పడబోయేది ఎద్దుల దారి కదా అన్నారామె. లేఖనంతో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. కారులోంచి ఎత్తులు కొలిచే లెవెల్ తీశాను.

చర్చి దుస్తుల్లోనే ఆమె అంకెల కర్ర పట్టుకున్నారు. యాభై అడుగులకొకసారి లెవెల్‌లోంచి ఆ అంకె చదివి, పల్లం నేల ఎత్తు కట్టాను. నేల గట్టు నెత్తిదాకా లేచి అవతలికి దిగింది. నెత్తిమీద కూడా లోతు తగ్గలేదు. నీటి కోతైతే అక్కడ మాయం కావాలి. పక్కవాలున నడిపితే బండి బోల్తా పడుతుంది కనుక ఆ వలసవాళ్లు గట్టును నేరుగా ఎక్కి దిగారు. చుట్టి పోవడం మా కాలపు రోడ్ల పద్ధతి.

ఫీల్డ్ బుక్‌లో రబ్బరు వాడకూడదు. తప్పు మీద ఒకే గీత, కింది మాట చదవడానికి వీలుగా. పక్కన సరైన మాట, తేదీ, సంతకం. అలాగే చేశాను. సర్వేయరు లైసెన్సు పరీక్షకు నన్ను సిఫారసు చేయాల్సింది వాల్టే. ఆ వారమే ఉత్తరం రాస్తానన్నారు.

సోమవారం ఏడింటికి, బుల్‌డోజర్ ఇంజిన్ వేడెక్కుతుండగా, పుస్తకం ఆయన చేతికిచ్చాను.

"కొట్టేసిన రాత ఎవరిది?"

"నాదే. పక్కన రాసిందీ నాదే."

"పేజీ చింపేసి ఉంటే నాకు తెలిసేది కాదు."

"పేజీలకు నంబర్లున్నాయి సార్."

ఆయన నా అంకెలన్నీ మళ్లీ కూడి చూశారు. తర్వాత డ్రైవరుకు చెయ్యి ఊపి ఇంజిన్ ఆపించారు. "డేవ్, ఇకమీదట చర్చికి శనివారం వెళ్లు. సర్దుకోవడానికి నాకొక రోజు మిగులుతుంది" అన్నారు.

తవ్వకం రెండు మైళ్ల అవతలికి మారింది. నాలుగు రోజుల పని పోయింది. సిఫారసు ఉత్తరం కాస్త ఆలస్యంగానే వచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం: ఇతని పుస్తకాన్ని నమ్మవచ్చు.

కొన్నేళ్లకు ఆ హైవేకు సుందర మార్గమన్న బోర్డులు పెట్టారు. ఆ గట్టు దగ్గర కార్లు ఆగే చోటుకు ప్లాను గీసింది నేనే. వేసిన రోడ్లన్నిటికంటే, తవ్వకుండా మిగిలిన ఆ కొన్ని వందల అడుగుల దారి గురించి చెప్పుకోవడమే నాకిష్టం.

తప్పు దాచినవాడు వర్ధిల్లడని సండే స్కూల్లో నేర్చుకున్నాను. దాన్ని ఒప్పుకునే పద్ధతి ఫీల్డ్ బుక్ నేర్పింది. నేలకు పేరు పెట్టేముందు చివరిదాకా నడవాలన్నది మాత్రం మిసెస్ ఓల్సన్ దగ్గర నేర్చుకున్నదే.