ఒక కాలికి కొత్త చెప్పు

ఎర్ర కొండల్ని తన చేతులతో మలిచి, ఆ కొండల నడుమ నాలాంటి చిన్నదానికి కూడా ఇంత ఆటా ఇంత పాటా దయచేసిన దేవునికి స్తోత్రం. ప్రతి ఉదయం కొత్తగా పుట్టే ఆయన దయకూ, మా పెద్దల కాలం నుంచీ మారని ఆయన నమ్మకత్వానికీ మహిమ కలుగును గాక. ఈ మాట ముందు చెప్పుకుంటేనే తక్కినది నా నోట సాఫీగా వస్తుంది.

నా చిన్నప్పుడు మేము సండూరులో ఉండేవాళ్ళం. గనులు జోరందుకున్న రోజులవి. పొద్దు పొడిచింది మొదలు ఖనిజం నింపుకున్న లారీలు మా చర్చి గోడ పక్కనుంచే మూలుగుతూ ఎత్తు ఎక్కేవి. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు పోతే, ఆశీర్వాదం అయ్యేసరికి పాస్టరు గారి అంగీతో సహా అందరం గులాబీ రంగుకు తిరిగేవాళ్ళం. చేతుల్లో నాలుగు డబ్బులు ఆడుతున్న కాలం కాబట్టి ప్రతి ఇంటికీ ఏదో ఒక కొత్త వస్తువు వస్తూనే ఉండేది. ఒకరింట రేడియో, ఒకరింట స్టీలు బిందె. కొత్తది రాగానే పాతది పెరట్లోకి పోయేది.

పిల్లలకు మాత్రం పారేసిన వస్తువులతోనే ఆట. మూతలాట అనేవాళ్ళం. లారీ షెడ్డు వాళ్ళు విసిరేసిన గ్రీజు డబ్బాల మూతలు మేము ఏరుకునేవాళ్ళం. ఖనిజం మోసి మోసి తూట్లు పడ్డ ఇనప తట్టలకు తాళ్ళు కట్టి, త్రాసు పళ్ళేల్లాగా చర్చి చుట్టూ ఉన్న చెట్లకు వేలాడదీసేవాళ్ళం. మూతను చదునుగా పట్టుకుని, మణికట్టు తిప్పి విసరాలి. అది పడ్డచోట నుంచి మళ్ళీ విసరాలి. ఒక్కో తట్టలో మూత వేసుకుంటూ చర్చి చుట్టూ తిరిగి రావాలి. తక్కువ విసుర్లతో ముగించినవాళ్ళది గెలుపు. ఈమధ్య మా మనవడు ఇలాంటి ఆటే ఫోనులో చూపించి, దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారనీ, ఒక్కొక్కరు సంచీ నిండా డిస్కులు మోసుకెళ్తారనీ, ఎప్పుడు ఏది బయటికి తీయాలన్నదే అసలు తెలివనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తెలివి మా అవ్వ నాకు చెప్పులతో నేర్పింది.

నా మూతకు సొట్టది అని పేరు. దాని అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. ఎంత నేరుగా విసిరినా చివరికి ఎడమకు తిరిగేది. ఎక్కడ తిరుగుతుందో నా చేతికి తెలుసు, మా మేక ఎవరి దొడ్లో దూరుతుందో తెలిసినట్టు. దానికున్న లోపం ఒక్కటే, దూరం పోదు. ఆఖరి తట్ట చర్చి వెనక వేపచెట్టుకు ఉండేది. గేటు దగ్గర నుంచి మైదానమంతా దాటి, చర్చి మూల తిరిగితే గానీ కనిపించదు. ఆ మైదానం దాటడానికే నాకు ఒక విసురు అదనంగా పట్టేది. ముందటి ఏడు ఆ ఒక్క విసురుతోనే పాస్టరు గారి అబ్బాయి చేతిలో ఓడిపోయాను.

ఆ ఓటమి నన్ను ఎందుకంత బాధపెట్టిందో చెప్పాలి. కోత పండుగనాడు భోజనాలయ్యాక పెద్దలందరి ఎదుట ఈ ఆట పందెం జరిగేది. గెలిచినవాళ్ళకు బహుమతి అంటూ ఏమీ లేదు. ఆ ఏటి క్రిస్మస్ పాటల ఊరేగింపులో నక్షత్రాన్ని పట్టుకుని అందరికంటే ముందు నడిచే భాగ్యం వాళ్ళది. వెదురు బద్దలకు రంగుకాగితం అంటించి, లోపల కొవ్వొత్తి వెలిగించిన నక్షత్రం అది. ప్రతి ఇంటి గడప ముందూ మొదట అదే నిలబడుతుంది, దాని వెనక పాట వస్తుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఆ కర్ర పట్టుకోవాలని ఆశ. ఆడపిల్ల పట్టుకోకూడదని ఎవరూ అనలేదు. ఇంతవరకు ఏ ఆడపిల్లా గెలవలేదు, అంతే. పాస్టరు గారి అబ్బాయి సందు దొరికినప్పుడల్లా ఆ మాట ఎత్తేవాడు. "నక్షత్రం మోసేదంటే కడవ మోసినట్టు కాదు పాపా. మీరు ఎనక చప్పట్లు కొట్టుకుంటా రాండి, సాలు" అనేవాడు.

ఆ ఏడు పండుగ ఇంకో వారం ఉందనగా మా మామ మద్రాసు నుంచి వచ్చాడు. మా అవ్వకు కొడుకు, మా అమ్మకు తమ్ముడు. లారీలో ఖనిజం నింపుకుని రేవుదాకా పోయి వచ్చేవాడు. వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ ఏనాడూ రాలేదు. ఈసారి అవ్వకు కొత్త చెప్పులు తెచ్చాడు. నాకు ఎర్రటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి తెచ్చాడు, తినడానికి కాదు, ఎగరేయడానికి. అంత నునుపైన వస్తువు అంతకుముందు నా చేతికి రాలేదు.

"చూడు పాపా, ఇది ఎగిరేది చూస్తే గద్దకు గూడా సిగ్గయితాది. ఆ సొట్టదాన్ని ఇంక గుజరీకి ఎయ్యి, పాత ఇనుమోడన్నా బతుకుతాడు" అన్నాడు.

అవ్వ తన చెప్పుల్ని తిప్పి తిప్పి చూసింది. అవ్వ మా సంఘంలో బైబిలు స్త్రీ. ఊరూరా తిరిగి, ఇళ్ళ అరుగుల మీద కూర్చుని వాక్యం చెప్పేది. "ఏందప్పా ఇవి, పెండ్లికూతురికి తెచ్చినట్టుండావి" అంది. కానీ ముఖం వెలిగిపోయింది.

నేను ఆగలేకపోయాను. చర్చి ఆవరణలోకి పరిగెత్తి, పిల్లలంతా చూస్తుండగా గేటు దగ్గర నిలబడి, సొట్టదాన్ని విసిరే బలంతోనే కొత్తదాన్ని విసిరాను. అది దగ్గర్లోని తట్ట మీదుగా, చెట్టు మీదుగా, గోడ మీదుగా తేలిపోయి, అప్పుడే ఎత్తు ఎక్కుతున్న లారీ లోడు మీద మెత్తగా కూర్చుంది. లారీ పోతూనే ఉంది. పళ్ళెం రాజాలాగా దానిమీద పోతూనే ఉంది. మా మామ లుంగీ ఎగ్గట్టి వెంటపడ్డాడు.

"ఓ అప్పా, నిలుపు! నీ లోడు మీద మా పాప పళ్ళెం ఉండాది!"

డ్రైవరు తల బయటపెట్టాడు. "యాడి పళ్ళెమప్పా? సద్దన్నం ఏమన్నా పెట్టినారా దాంట్లో?"

క్లీనరు లోడు మీదకెక్కి దాన్ని కిందికి విసిరాడు. పాస్టరు గారి అబ్బాయి కడుపు పట్టుకుని నవ్వుతూ, "మీ మామ తెచ్చినా అది నిలిచేతట్టు లేదు, మద్రాసుకే తిరిగి పోతాండాది" అన్నాడు. పిల్లలంతా పడీపడీ నవ్వారు.

ఇంటికి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాను. పాతది మైదానం దాటదు. కొత్తది నా మాట వినదు. రెంటిలో దేన్ని నమ్ముకోవాలో తెలియక ఏడుపొచ్చింది. ఇంతలో పెరట్లో కోళ్ళు కలవరపడ్డాయి. తొంగి చూస్తే మా అవ్వ ఒక కాలికి మెరిసే కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిపోయిన పాత చెప్పు వేసుకుని, ఒకవైపుకు ఒరుగుతూ పెరడంతా పచార్లు చేస్తోంది.

"అవ్వా, ఏంది అది? కండ్లు కనపడ్డం లేదా?" అన్నాను.

"కండ్లకేం పాపా, బాగుండాయి. కొత్త చెప్పుకు నా నడక తెలీదు. పాతదాన్ని చూసి నేర్చుకోమని పక్కన పెట్టినా. కంప్లిలో మావోళ్ళు కొత్త ఎద్దును పాత ఎద్దు పక్కన కాడికి కట్టరా, అట్ల. రేపు కాళ్ళు మారుస్తా."

నా ఏడుపు సగంలో ఆగిపోయింది. పక్కనున్న రోలు మీద కూర్చుని ఆమె నడక చూశాను. నా గొడవంతా చెప్పుకున్నాను. సండేస్కూల్లో విన్న కథ కూడా గుర్తుచేశాను. రాక్షసుడి మీదికి పోయే ముందు, రాజు తొడిగించిన కవచాన్ని గొర్రెలు కాసే పిల్లవాడు విప్పేశాడు కదా, తన పాత వడిసెలే పట్టుకుపోయాడు కదా, అంటే పాతదే మంచిదని కదా అని అడిగాను.

అవ్వ నడక ఆపింది. "ఆ పొద్దు విప్పినాడు. వాడుక లేదన్యాడు గానీ చెడ్డవి అనలేదు. ఆమీద పెద్దయినాంక కత్తి ముట్టకుండానే రాజ్యం ఏలినాడా? తప్పు కవచానిది కాదు, వడిసెలది కాదు. పోట్లాట పొద్దునే తొడిగించిన రాజుది." మళ్ళీ నడక మొదలుపెట్టి, కోడిని అదిలిస్తూ అంది, "నీకు ఇంకా వారం ఉండాది గదే."

ఆ వారమంతా బడి వదలగానే నేనూ అవ్వా ఆవరణలోనే ఉండేవాళ్ళం. ఆమె రోజుకో కాలికి కొత్త చెప్పు తొడుక్కుని చర్చి చుట్టూ తిరిగేది. నేను ఒకే చోట నిలబడి ఒకసారి సొట్టదాన్ని, ఒకసారి ఎర్రదాన్ని విసిరేదాన్ని. మొదట ఎర్రది నన్ను గోడ అవతలికి తిప్పింది. మెల్లగా తెలిసొచ్చింది, దానికి బలం అక్కర్లేదు, వేళ్ళ మీంచి జారవిడిస్తే చాలు, తనే నేరుగా తేలుతూ పోతుంది. ఇంకో వింత కూడా జరిగింది. కొత్తదాని పక్కన విసిరినప్పుడే సొట్టదాని గుణం నాకు పూర్తిగా అర్థమైంది. కొంచెం కిందుగా వదిలితే అది ఇంకాస్త నేరుగా పోయి, అప్పుడు తిరుగుతుంది. అన్నాళ్ళు చేతిలో పెట్టుకుని కూడా ఆ సంగతి గమనించలేదు. మామ మాత్రం రోజూ వచ్చి, "ఇంకా ఆ తుప్పుదాన్ని విడవలేదా?" అని గొణిగిపోయేవాడు.

కోత పండుగ వచ్చింది. కంప్లి నుంచి మా బంధువులు వరి పనలు తెచ్చారు. పొలాలు లేని గని కుటుంబాలు ఎప్పటిలాగే మొదటి బుట్టలోంచి తీసిన ఖనిజపు రాయి తెచ్చి, మా పంట ఇదే తండ్రీ అని బలిపీఠం ముందు పెట్టాయి. పచ్చని పనల పక్కన ఆ ఎర్రటి రాళ్ళు ఎంత అందంగా ఉండేవో!

భోజనాలయ్యాక పందెం మొదలైంది. ఒక్కో తట్టా దాటుకుంటూ, చివరికి నేనూ పాస్టరు గారి అబ్బాయీ సమానంగా ఆఖరి తట్టకు వచ్చాం. మొదట అతని వంతు. ఒక విసురులో మైదానం దాటి చర్చి మూల దగ్గరికి, ఇంకో విసురులో మూల తిరిగి, మూడో విసురుతో తట్టలో వేశాడు. నేను గెలవాలంటే రెండింటిలో ముగించాలి.

ఎర్రదాన్ని తీసుకున్నాను. వేళ్ళ మీంచి జారవిడిచాను. అది మైదానమంతా నేరుగా తేలిపోయి, మూల గోడకు కాస్త ఇవతలగా దిగింది. మామ ఈల వేశాడు. "చూడండప్పా, మద్రాసు సరుకు! ఇంకోతూరి అదే ఎయ్యి పాపా!"

నేను అక్కడికి నడిచి, వెనక నడుముకు దోపుకున్న సొట్టదాన్ని బయటికి తీశాను.

"సారూ, రెండు మూతలు! ఇది మోసం!" పాస్టరు గారి అబ్బాయి చెయ్యెత్తాడు. "ఒకదానితో మొదలుపెట్టి ఇంకోదానితో ఎట్ల ముగిస్తాది?"

పందానికి తీర్పరిగా ఉన్న సండేస్కూలు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిదానంగా అన్నాడు, "పోయిన వారమే గదప్పా నేర్పించినా. తెలిసిన ఇంటాయన తన కొట్టులోంచి కొత్తవీ తీస్తాడు, పాతవీ తీస్తాడు. ఒకటే తీయాలని యాడ ఉండాది? ఎయ్యి పాపా."

"సారుకు ఏ పందానికైనా ఒక వాక్యం దొరుకుతాది" అని గొణుక్కున్నాడు ఆ అబ్బాయి.

నేనున్న చోటికి తట్ట కనిపించదు. ముందు గోడ మూల, దాని మీద ఎండ, అంతే. కిందుగా వంగి, ప్రభువా అనుకుని, సొట్టదాన్ని వదిలాను. అది మూల దాటేదాకా తిరగకుండా ఆగింది. ఆగి, ఎడమకు తిరిగింది. గోడ వెనక మాయమైంది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, ఠంగుమని, చర్చి గంటకు చెల్లెలిలాగా మోగింది.

అందరికంటే ముందు మూల తిరిగి చూసింది పాస్టరు గారి అబ్బాయే. తిరిగొచ్చి, తల గోక్కుంటూ, "పడింది" అన్నాడు. అతను ఆ మాట నిజాయితీగా చెప్పాడని ఈనాటికీ నాకు అతనంటే గౌరవం. ఆ వెంటనే, "ఆ ఎర్రది నాకొకతూరి ఇస్తావా?" అని అడిగాడు. మెల్లగా వదలాలని చెప్పి ఇచ్చాను. వింటేనా! బలంకొద్దీ విసిరాడు. అది గోడ దాటిపోయింది. మా మామ మళ్ళీ లుంగీ ఎగ్గట్టాడు.

ఆ క్రిస్మస్ పాటల సాయంత్రం నక్షత్రం కర్ర నా చేతుల్లో ఉంది. అవునండీ, బరువుగానే ఉంది. ఆ బరువు నాకెంత ఇష్టమయిందో చెప్పలేను. మొదటి ఇంటి గడప ముందు వెలుతురు కిందికి పడగానే, నా పక్కన నిలబడ్డ అవ్వ కాళ్ళు కనిపించాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది.

"అవ్వా, కొత్తది ఇంకా నడక నేర్వలేదా?" అని చెవిలో అడిగాను.

"అది అప్పుడే నేర్చింది పాపా. పాతదే ఇప్పుడు దాన్ని విడిచి ఉండలేనంటాంది" అంది. నాకు నవ్వు ఆగలేదు. నక్షత్రం ఊగిపోయింది. ఆ ఇంటివాళ్ళు మా నవ్వుతోనే తలుపు తీశారు.

ఎర్ర పళ్ళెం ఎండకు పెళుసై ఎప్పుడో పగిలిపోయింది. సొట్టదాన్ని తుప్పు తినేసింది. అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పెరటి నడక మాత్రం నాతోనే ఉంది. మా సంఘంలో పిల్లలు కొత్త రాగాలు తెచ్చినప్పుడు పెద్దలు ముఖం చిట్లిస్తే, వాటిని పాత కీర్తన పక్కన కూర్చోబెట్టి పాడించమంటాను. మనవడు నాకు ఫోనులో వాక్యం చదవడం నేర్పాడు. ఒక చేతిలో అది పట్టుకుని, ఒడిలో నా పాత గ్రంథం తెరుచుకుని, అక్కడో మాట ఇక్కడో మాట చదువుకుంటాను. వాడు నవ్వుతాడు. నేను నా కాళ్ళవైపు చూసుకుని నవ్వుకుంటాను.

చదువుతున్న మీ ఇంటికి కూడా ఇవాళో రేపో ఏదో ఒక కొత్తది వస్తుంది. కాబట్టి నాతోపాటు ఒక్కసారి తల వంచండి. తండ్రీ, పాతదాన్ని పారేసే తొందర మాకివ్వకు, కొత్తదాన్ని చూసి బెదిరే గుండె మాకివ్వకు. మా రెండు కాళ్ళనూ నీ దారిలో జంటగా నడిపించు. ఆమేన్.