అక్క చుట్టిన చుట్టలు

మా ఇంటి మగవాళ్ల నోటి రుచులన్నీ మా ఏరాలికే తెలుసు. ఏరాలంటే మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఊరికి ఇంకా కరెంటు రాని రోజులవి. కొల్లాపూర్ అంగడి నుంచి పొగాకు రాగానే తడిపి, ఈనె తీసి, తొడ మీద పెట్టి చుట్టలు చుట్టేది. మామకు పుల్లంత సన్నగా, గట్టిగా. బావకు బెల్లం నీళ్లు చల్లి. మా ఆయనకు బొటనవేలంత లావుగా, వదులుగా. ఆ ఘాటుకు నేను కొంగుతో ముక్కు మూసుకునేదాన్ని.

"గంత లావుదేందక్కా, కంపు," అన్నాను ఒకసారి.

"ఎవల నోరు వాళ్లది," అంది, దారం పళ్లతో తెంపుతూ. ఎవరి చుట్టను ఎవరు వెక్కిరించినా ఆమెది అదే మాట.

నాకు ఒళ్లు మండింది. నా మొగుడి నోటి సంగతి ఈమె చెప్పాలా? ఆమె పుట్టింటికి పోయినప్పుడు నేనే కూర్చుని సన్నగా, ముద్దుగా చుట్టాను. ఆయన రెండు దమ్ములు లాగి, ఆర్పి, చూరులో దోపేవాడు.

అక్క తిరిగొచ్చిన రోజు పగలు, ఆయన ఇంకా చేను దగ్గరే ఉన్నాడు. ఆమె చూరులోని ఆ సగం చుట్టలను చూసింది.

"నీకు నచ్చినట్టు చుట్టినవ్ చెల్లె. తాగేది ఆయిన గదా."

పళ్లు నూరుతూ లావుగా, వదులుగా ఒకటి చుట్టాను. సాయంత్రం ఆయన గడపలోకి రాగానే చేతికిచ్చాను. ముట్టించి, కళ్లు మూసుకుని పొగ వదిలాడు. అంత తేటపడ్డ మొహం పెళ్లయ్యాక నేనెప్పుడూ చూడలేదు.

"వదినె ఒచ్చినట్టున్నది," అన్నాడు.