మా అమ్మాయిని పరీక్షకు కూర్చోబెట్టిన మేడం గారు

పోయిన బుధవారం పొద్దున్నే వేటపాలెం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మేడం గారు పోయారు" అంది. నేను రేపల్లె నుంచి ఉన్నపళంగా బయల్దేరి తెనాలి వెళ్లి ఆవిణ్ణి కడసారి చూసొచ్చాను. నాది అయిదో తరగతి చదువు. ఇలాంటివి రాయడం చేతకాదు. అయినా ఆవిడ గురించి నలుగురికీ చెప్పకపోతే నాకు తిండి సయించదండి.

మా అమ్మాయి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, ఇద్దరు పిల్లలు పుట్టాక దూరవిద్యలో డిగ్రీకి చేరింది. ఆదివారాలు బాపట్లలో క్లాసులు. మేడం గారు తెనాలి నుంచి రైల్లో వచ్చి చెప్పేవారు. బట్టలు కుట్టేవాళ్లు, ఆయాలు, కూలికెళ్లేవాళ్లు, అందరూ అలిసిపోయి వచ్చేవాళ్లే. "ముందు బల్ల మీద తల వాల్చండి. నేను చదువుతుంటా, చెవిన పడినంత పడుతుంది" అనేవారట. ఎవరైనా ఆలస్యమైందని నసిగితే, "వచ్చావుగా, కూర్చో." అంతే. మా చిన్న మనవడు పాకడం నేర్చింది ఆవిడ కుర్చీ కిందే.

ఆఖరి ఏడాది పరీక్షకి నేనూ తోడు వెళ్లాను. గేటు దగ్గర వేలిముద్రల మిషన్ మీద వేలు పెట్టమన్నారు. ఫ్యాక్టరీలో జీడి సొన తగిలి తగిలి మా అమ్మాయి వేళ్ల గీతలు ఏనాడో అరిగిపోయాయి. ఎన్నిసార్లు నొక్కినా ఎర్ర లైటే.

"ముద్ర పడందే లోపలికి పంపనండి" అన్నాడు అక్కడి అబ్బాయి.

ఆ పరీక్ష పోతే మళ్లీ ఏడాది ఆగాలి. అల్లుడేమో "ఇదే ఆఖరు" అని ముందే చెప్పేశాడు. అమ్మాయి చేతులు కొంగులో దాచుకుని నిలబడిపోయింది.

అంతలో మేడం గారు వచ్చి సంగతి విన్నారు. "ఆ అమ్మాయి వేలిముద్రలు మీరు తినే జీడిపప్పు మీద ఉంటాయి బాబూ. అక్కడ చూసుకోండి."

"నా ఉద్యోగం పోతుందండి మేడం."

"నీ ఉద్యోగం పోకూడదు, దాని చదువూ పోకూడదు. మీ పెద్దాయనకి ఫోన్ కలుపు."

గొంతు పెంచనేలేదు. వాళ్లు ఫోటో సరిచూసి, ఆవిడ పూచీ మీద అమ్మాయిని లోపలికి పంపించేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఏంటి బాబాయ్ గారూ, మీరేడుస్తారు? పరీక్ష రాసేది మీ అమ్మాయండి" అని నవ్వారు.

అమ్మాయి పాసైంది. మా ఇంటా వంటా మొదటి డిగ్రీ అది, ఆడపిల్ల తెచ్చింది. మా వీధంతా మిఠాయి పంచాను. ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా ఆపి మరీ పెట్టాను. మేడం గారికి ఒక డబ్బా పట్టుకెళ్తే తిన్నారు, "ఎమ్మే కూడా చదివిస్తే ఇంకో డబ్బా వస్తుందన్నమాట" అన్నారు. ఇప్పుడు అమ్మాయి ఎమ్మే చదువుతోంది. ఆ డబ్బా మాత్రం నేను ఆవిడకి ఇవ్వలేకపోయాను.

మొన్న ఆదివారం బాపట్లలో మేడం గారి డిగ్రీ క్లాసు ఉండదనుకుంటూనే అమ్మాయీ నేనూ వెళ్లాం. కానీ పరీక్షలు దగ్గర పడ్డాయి, అందరూ వచ్చేశారు. ఎవరూ ఏమీ అనకుండానే మా అమ్మాయి లేచి సుద్దముక్క తీసుకుంది. నేను వరండాలోంచి కిటికీలో చూస్తూ నిలబడ్డాను.

మొదటి బల్లలో ఒక పెద్దావిడ, దాదాపు నా ఈడుది, కళ్లజోడు పైకి తోసుకుంటూ, "అమ్మాయ్, కాస్త పెద్దక్షరాలు రాయవే" అంది.

"అలాగే పిన్నీ" అని మా అమ్మాయి రాసిందంతా తుడిచేసి, బోర్డు ఈ చివర్నుంచి ఆ చివరికి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.