రాజవ్వ పేరు లేని ఫైలు

2022 వానాకాలం. పెద్దపల్లిలో ఒక బట్టల దుకాణం పైన, రెండు గదుల్లో నా రికార్డింగ్ స్టూడియో. మా వైపు జానపదం పాడేవాళ్లకు వెనక కంపెనీలేమీ ఉండవు. పాట కట్టుకుంటారు, నా దగ్గర రికార్డు చేయించుకుంటారు, సొంత యూట్యూబ్ ఛానల్లో పెట్టుకుంటారు. పైరసీ గురించి అడిగినవాళ్లకు నేను ఈ ఒక్క కేసే చెబుతాను. దొంగ దొరికింది ఇందులోనే మరి.

స్వరూపది పక్క ఊరే. వాళ్లమ్మ రాజవ్వ నాట్లు వేస్తూ కట్టిన పాట పాడటానికి వచ్చింది. రాజవ్వ పాటలు ఎన్నో ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాయి, కట్టింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

"యాకూబ్ భాయ్, గీసారి పాట కంటె ముందు మా అవ్వ పేరు రావాలె" అని మొదటి రోజే గట్టిగా చెప్పింది.

విడుదలకు నాలుగు రోజుల ముందు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నస్పూర్‌లో డీజే బాక్సులు నడిపే శీను ఆ పాటను రీమిక్స్ చేసి, తన ఛానల్లో పెట్టేశాడు. చరణానికోసారి అతని పేరే అరుపులా వినిపిస్తోంది. రాజవ్వ పేరు ఎక్కడా లేదు.

"అప్పుడే పెండ్లి బరాత్‌లల్ల ఎగురుతుండ్రు భాయ్. అవ్వకు ఏమని జెప్పాలె?" అని ఏడ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కాపీరైట్ స్ట్రైక్ వేద్దామన్నాను. అంటే, ఈ పాట మాది, తీసేయండని యూట్యూబ్‌కు ఫిర్యాదు చేయడం. కానీ విడుదలే కాని పాట బయటికెలా పోయింది? అది తేలందే నాకు అన్నం సహించదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రీమిక్స్ మళ్లీ మళ్లీ విన్నాను. రెండో చరణంలో సన్నగా గాజుల చప్పుడు! రికార్డింగ్ రోజు రాజవ్వ కూతురి పక్కనే కూర్చుని తొడ మీద తాళం వేసింది. ఆ చప్పుడు ఫైనల్ మిక్స్‌లో నేనే తీసేశాను. అంటే పోయింది రఫ్ మిక్స్, నేను ఇంకా శుభ్రం చేయని కాపీ. ఇంక దొంగ దొరికినట్టే అని మహా హుషారుగా ఫోన్ తెరిచి, దాన్ని ఎవరెవరికి పంపానో వెతికాను.

ఒక్కరికే పంపాను. శీనుకే. రోజుకు పది ఫైళ్లు పంపే హడావిడిలో ఆ సంగతే మరిచిపోయాను. మా దగ్గర పాట బరాత్‌లో నిలబడకపోతే లెక్కే కాదు. అందుకే విడుదలకు ముందు డీజే బాక్సుల మీద వేయించి చూస్తాం. "జర బేస్ చూడు" అని నా మెసేజే కనిపించింది.

శీనును పిలిచి నిలదీశాను. అతను జంకలేదు.

"నేను దొంగనా భాయ్? ఫైల్ మీద ఎవల పేరన్న ఉన్నదా? జానపదమాయె, ఊరోళ్ల పాట అనుకున్న."

ఆ ఫైలుకు నేను పెట్టిన పేరు 'బేస్ టెస్ట్ టూ'. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రాజవ్వ ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. స్వరూప నా ముఖం కూడా చూడలేదు. రాజవ్వ అడిగింది:

"పాటను వాపస్ తేగలవా కొడుకా?"

"తేలేనవ్వా. శీను తీసేస్తనన్నడు. గని గిప్పటికే వేరేటోళ్లు దించుకున్నరు."

"అయితే గీసారి నేనే పాడుత."

స్టూడియోలో స్లేట్ అని ఒక పద్ధతి ఉంది. పాడే ముందు మైక్‌లో పేరు చెప్పడం, తర్వాత ఆ ముక్క కోసేయడం. తెలిసినవాళ్లే కదా అని నేను దాన్ని ఎప్పుడో వదిలేశాను. రాజవ్వ పాడటానికి వచ్చిన రోజు మాత్రం అడిగాను.

"పేరు జెప్పవ్వా."

"స్వరూప వాళ్ల అవ్వను."

"గట్ల గాదు, నీ పేరు."

ఒకసారి కూతురి వైపు చూసింది. గొంతు సవరించుకుంది.

"రాజవ్వ. గీ పాట నేను కట్టిన."

ఆ ముక్క కోయలేదు. పాట దానితోనే మొదలవుతుంది. రీమిక్స్‌లు ఇప్పటికీ వస్తున్నాయి, కొందరు ఆ మాట కోసేసి వాడుకుంటున్నారు. వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. కానీ పేరు తీయాలంటే ఇప్పుడు వాళ్లు కావాలని తీయాలి. మొదటిసారి ఆ శ్రమ కూడా లేకుండా చేసింది నేనే.

స్వరూప ఇప్పటికీ నా దగ్గరే పాడుతుంది. ఫైలు పేరు మాత్రం నన్ను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని టైప్ చేస్తుంది.